గూడబాతుల ఊళ్ళో మా తమ్ముడి పెళ్ళి

మా నాన్నగారికి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉండేది. ఇల్లు మిల్లుని ఆనుకునే ఉండేది కనుక మా ఇంట్లో ఎవరికీ నెమ్మదిగా మాట్లాడటం రాదు. ఇంజను ఆడుతున్నంతసేపూ ఉప్పు అందుకోమని చెప్పాలన్నా పక్కవీధికి వినబడేటట్టు చెప్పవలసిందే. ఇంజను ఆగిపోయినా ఆ సంగతి మా నోళ్ళకి తెలిసేది కాదు. మా అమ్మ దేవుడి ముందు కళ్ళు మూసుకుని మనసులో కోరుకున్న కోరికలు కూడా ఇంటిల్లిపాదికీ తెలిసేవి. నేను కాపరానికి వెళ్ళిన కొత్తలో మా అత్తగారు నాకు ఎందుకో కోపం వచ్చిందనుకుని కొన్నాళ్ళపాటు బతిమాలింది. నాకు నిజంగానే కోపం ఎక్కువ. ఆ సంగతి ఆవిడకి తరవాత తెలిసింది.

ఇది ముప్ఫైల నాటి మాట. మా ఇంట్లో అన్ని చప్పుళ్ళనీ మించిన చప్పుడు మా తమ్ముడి తుమ్ము. మనిషి సన్నగా, సాధువుగా ఉండేవాడు. ఊకదుమ్ములో పెరగడం వల్లనో ఏమో, దుమ్ము సోకినా, కొత్తబట్ట వాసన తగిలినా, నలుగురూ తన వంక చూసినా ముక్కు ఎగబీల్చి, కళ్ళు మూసి, ఒక్క తుమ్ము తుమ్మేవాడు. గూట్లో దీపం ఆరిపోయేది. పోనీ రెండు తుమ్మినా బాగుండును. ఒంటితుమ్ము అపశకునం, వెంటనే ఇంకొకటి వస్తే దోషం పోతుందని మావాళ్ళ నమ్మకం. వీడిది పుట్టినప్పటినుంచీ ఒంటితుమ్మే. "ఇంకోటి తుమ్మరా నాయనా, ఇంకొక్కటి" అని మా అమ్మ వాడి వీపు నిమురుతూ ప్రాధేయపడేది. రమ్మంటే వస్తుందా అది!

ఆ తుమ్ము వల్ల వాడికి పెళ్ళి కాకుండా పోతోంది. ఏలూరు సంబంధంలో పిల్లని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెడుతుండగా తుమ్మాడు. ఆ పిల్ల నాయనమ్మ గబుక్కున లేచి పిల్లని లోపలికి నడిపించుకుపోయింది. మాకు కాఫీలు కూడా రాలేదు. వట్లూరు సంబంధం తాంబూలాల దాకా వెళ్ళింది. తాంబూలం పళ్ళెం మీదే తుమ్మాడు, తమలపాకులు లేచి పిల్ల తండ్రి ఒళ్ళో పడ్డాయి. గణపవరం సంబంధానికి నేనే ఉపాయం ఆలోచించి వాడి ముక్కులో దూది కుక్కి తీసుకెళ్ళాను. పేరు చెప్పమంటే వాడు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. కుర్రాడికి మాట సరిగా రాదటగా అని కబురొచ్చింది.

అప్పటికి వాడి ఈడువాళ్ళ పిల్లలు బడికి పోతున్నారు. వాడు పైకి నవ్వేవాడే గాని, మిల్లు వెనకాల ఊకరాశి దగ్గర ఒక్కడూ కూర్చుని ఉండటం నేను చూశాను. "నాకోసం ఇంక ఎవరి గుమ్మమూ ఎక్కొద్దే అక్కా" అన్నాడొకసారి. "నీకు పెళ్ళి చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటాను" అని అరిచాను. అంత అరవనక్కరలేదు, వాడు పక్కనే ఉన్నాడు.

కొల్లేటి సంబంధం ఆ తరవాత వచ్చింది. సరస్సు ఒడ్డున ఒక ఊరి రైతు మా మిల్లుకి ధాన్యం తోలేవాడు. చాలా నెమ్మదైన మనిషి. ఆయన ఏదన్నా చెబితే మా నాన్నగారు మూడుసార్లు "ఆఁ?" అనేవారు. ఆయనకి ఎదిగిన కూతురు ఉందని తెలిసి మాట కలిపారు. పెళ్ళిచూపులు ఏలూరులో వాళ్ళ బంధువులింట్లో, శ్రావణమాసంలో. మేం వెళ్ళి కూర్చున్నామో లేదో కుంభవృష్టి మొదలైంది. ఆ ఇంటికి రేకుల కప్పు. పిల్ల వచ్చి కూర్చుంది, మా తమ్ముడు తుమ్మాడు, ఆ వాన హోరులో ఎవరికీ వినబడలేదు. మాటలు కూడా వినబడక అందరూ తలలూపుకున్నారు. వాన వెలిసేసరికి సంబంధం కుదిరిపోయింది.

తిరుగు రైల్లో మా నాన్నగారు తొడ చరిచి, "చూశావా అమ్మాయ్, మందు దొరికింది! వీడు తుమ్మేటప్పుడు వీడికంటే పెద్ద చప్పుడు ఉంటే చాలు" అన్నారు. పెట్టెలో జనమంతా మావైపు తిరిగారు. ఇంటికి చేరగానే ఏలూరులో బ్యాండు మేళానికి బయానా ఇచ్చారు. ఉన్నవాటిలోకెల్లా పెద్ద డ్రమ్ము ఉన్న మేళం కావాలని వెతికి మరీ మాట్లాడారు. తాళి కట్టే క్షణంలో గట్టిమేళం వాయించేదే అందుకు గదా, అపశకునం చప్పుళ్ళు చెవిన పడకుండా! ఇంక మావాడు ఎంత తుమ్మినా ఫరవాలేదు. ఆడపెళ్ళివారికి మాత్రం, "మేళం సంగతి మేం చూసుకుంటాం" అని కబురుచేశారు. వాళ్ళు ఆ మాటకి ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో తరవాత తెలిసింది. మాఘమాసంలో తమ ఊళ్ళో మేళాలు ఉండవని లోకమంతటికీ తెలుసుననే వాళ్ళు అనుకున్నారు.

మాఘంలో బయలుదేరాం. గణపవరం దాకా బళ్ళు, అక్కడినుంచి కాలవ మీద పడవ, చివరికి కొల్లేటి అంచున తాటిదోనెలు. నిలువునా చీల్చిన తాటిబోదె లోపల తొలిచేస్తే అదే దోనె. ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చుంటే మునగకుండా పోతుంది. పెద్ద డ్రమ్ముకి ఒక దోనె విడిగా ఇవ్వవలసి వచ్చింది. బ్యాండు మాస్టరు ఎర్రకోటు వేసుకుని దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాడు. నీళ్ళ నిండా తామరాకు, ఎటు చూసినా తుంగ, అందులోంచి నీటికోళ్ళు బుడుంగున మునిగి ఎక్కడో తేలుతున్నాయి. నా చంటిపిల్ల వాటిని చూసి కేరింతలు కొట్టింది. నాకూ కొట్టాలనిపించింది గాని దోనె ఒరుగుతుందని ఊరుకున్నాను.

ఊరు దగ్గరపడుతుండగా దోనె నడిపే ఆయన మాస్టరుతో, "ఏవండీ, దాన్ని తట్టకండేం" అన్నాడు.

"ఇంకా తట్టలేదయ్యా" అన్నాడు మాస్టరు.

"అదేనండీ, తట్టకండి" అన్నాడాయన.

ఒడ్డున మాకు ఎదురొచ్చినవాళ్ళు పన్నీరు చల్లలేదు, గంధం పూయలేదు. మనిషికో తాటాకు గొడుగు ఇచ్చారు. ఎండా లేదు, వానా లేదు. మా నాన్నగారు గొడుగు వద్దని పక్కకి నెట్టేశారు. నాలుగడుగులు వేశారో లేదో కొత్త సిల్కు లాల్చీ భుజం మీద పైనుంచి తెల్లగా, ధారాళంగా ఏదో పడింది. తలెత్తి చూశాం.

ఊరంతా పెద్దపెద్ద చింతచెట్లు, తాటిచెట్లు. ఏ చెట్టు చూసినా పుల్లల గూళ్ళు, ఏ గూడు చూసినా మేకపిల్లంతేసి బూడిదరంగు పక్షులు. మూరెడు ముక్కు, దాని కింద వేలాడే సంచి. గూడబాతులంటే అవేనట. మా అమ్మ నోరు తెరిచి, "ఇవేం పక్షులే, మూతికి జోలె కట్టుకున్నాయి!" అని తన మామూలు గొంతుతో అంది. అంతే, ఊళ్ళో ఉన్న ముక్కులన్నీ మా వైపు తిరిగాయి. వీధిలో ఉన్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, మంచం మీదున్న ముసలాయనా అందరూ పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. పెళ్ళివారిని నోరు మూసుకోమనే ఊరు నేను అంతకుముందు చూడలేదు.

కాబోయే వియ్యంకుడు పరుగున వచ్చి మా నాన్నగారి భుజం స్వయంగా తుడిచాడు. "ఏమీ అనుకోకండి బావగారూ. కాస్త మెల్లిగా మాట్లాడుకుందామండీ. పురుళ్ళ రోజులండీ" అన్నాడు.

"ఎవరికండీ పురుడు?" అని మా అమ్మ కంగారుపడింది.

"వీటికేనండీ" అని ఆయన పైకి చూపించాడు. "ఏటా దీపావళి వెళ్ళాక వస్తాయండీ. పుట్టింటికి పురిటికి వచ్చే ఆడపిల్లలే అనుకుంటామండీ మా ఊళ్ళో. పిల్లలు ఎగరడం నేర్చాక తీసుకుని వెళ్ళిపోతాయి. అందాకా ఊళ్ళో డప్పు మోగదండీ, టపాకాయ పేలదు."

నాకు ఒళ్ళు మండింది. కిందటేడు నేనూ పురిటికి పుట్టింటికి వచ్చినదాన్నే. నా మంచం పక్క గోడకి అవతలే ఇంజను. నేను నొప్పులు పడి అరుస్తుంటే దాని అరుపే ఎక్కువైంది. ధాన్యం సీజనని మా నాన్నగారు ఒక్కపూట ఆపిన పాపాన పోలేదు. ఇక్కడ చూస్తే జోలెమూతి పక్షుల పురుళ్ళకి పెళ్ళిమేళాలు ఆపేస్తున్నారు. నేను గిర్రున తిరిగి మా నాన్నగారి వంక చూశాను. ఆయన చెట్ల వంక చూస్తున్నారు.

ఆయన చెట్లని వేరే చూపు చూస్తున్నారు. మిల్లు మనిషి కదా! "ఏవండీ, ఆ చింతమాను కోయిస్తే దూలాలు ఎన్నొస్తాయో తెలుసునా మీకు?" అన్నారు.

"మొదలు మాదేనండీ. పైదంతా మాది కాదు కదండీ" అన్నాడు వియ్యంకుడు.

"మరెవరిది?"

"వాటిదండీ."

"కాగితం ఏమన్నా ఉందా?"

"వాటికి చదువు రాదండీ" అన్నాడాయన ఎంతో మర్యాదగా. నాకు నవ్వు ఆగక పిల్లని ముద్దాడుతున్నట్టు నటించాను.

ఆ సాయంత్రం ఆయన మమ్మల్ని ఊరంతా తిప్పి చూపించాడు. ప్రతి ఇంటికీ చెట్టో రెండు చెట్లో ఉన్నాయి. చెట్టు ఎవరి పెరట్లో ఉంటే దాని కాపలా ఆ ఇంటివాళ్ళది. ఈ కట్టడి ఎవరు పెట్టారని అడిగితే, ఎవరూ పెట్టలేదండీ, మా తాతల నాటికే ఉందండీ అన్నాడు. ఇళ్ళ కప్పులన్నీ సున్నం వేసినట్టు ఉన్నాయి. వాసన సంగతి చెప్పను, మీరు అన్నం తింటూ చదువుతున్నారేమో. కానీ వానకి ఆ పెంటంతా కొట్టుకొచ్చి చేలల్లో పడుతుందట, అందుకే మా మిల్లుకి వచ్చే వాళ్ళ ధాన్యపు గింజ అంత బరువట. చేపలన్నీ ఇవే తింటుంటే వలవాళ్ళు ఏమీ అనరా అని అడిగాను. "ఇవి ఎటు దిగితే చేప అటు ఉన్నట్టు కదండీ. వాళ్ళు వెనకాలే దోనెలు వేసుకుని పోతారు" అన్నాడు. అప్పుడప్పుడు దొరలు తుపాకులు పట్టుకుని వేటకి వచ్చేవాళ్ళట. ఊరివాళ్ళు వాళ్ళకి వంగివంగి దణ్ణాలు పెట్టి, దోనెల్లో ఎక్కించుకుని, పక్షులున్న చోటికేనండీ అంటూ పొద్దస్తమానం తుంగలో తిప్పి, జలగలు పట్టిన కాళ్ళతో సాయంత్రానికి ఒడ్డున దింపేవాళ్ళట. ఏ దొరా రెండోసారి రాలేదట.

పక్షుల్ని కాపాడాలని ఈ మధ్య ఎక్కడ చూసినా మీటింగులు పెడుతున్నారు. ఒకదానికి నన్నూ లాక్కుపోయారు. వక్తగారు చెరువుగట్టున మైకు పెట్టి, ప్రకృతిని కాపాడుకుందామని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే గట్టు మీది కొంగలన్నీ లేచి చక్కా పోయాయి. నాకు ఆ వియ్యంకుడు గుర్తొచ్చాడు. ఆ మనిషి అరిటాకు వేసేటప్పుడు కూడా చప్పుడు కానిచ్చేవాడు కాదు.

అసలు సంగతికి వస్తాను. మేళం లేదని తేలిపోయాక మా నాన్నగారు విడిదింటి అరుగు మీద నిలబడి అలిగారు. "మేళం లేకుండా పెళ్ళేమిటండీ! మేం మీ పిల్లని దొంగతనంగా ఎత్తుకుపోతున్నామా? ఏలూరినుంచి బ్యాండు తెచ్చానండీ నేను!" అన్నారు. ఆయన ఒక్కొక్క మాటకీ చెట్ల మీద మెడలు లేచాయి.

వియ్యంకుడు చేతులు జోడించాడు. "చప్పుడుకి పెద్దవి ఒక్కసారే లేస్తాయండీ బావగారూ. పుల్లల గూళ్ళు, ఆ ఊపుకి పిల్లలు రాలిపోతాయి. ఒక ఏడు పొరుగూరివాళ్ళు ఊరేగింపుగా డప్పులతో వచ్చారండీ. మర్నాడు పొద్దున్న మా ఆడవాళ్ళు రాలి చచ్చిన పిల్లల్ని బుట్టలకెత్తారు. ఆ పూట ఊళ్ళో పొయ్యి వెలగలేదండీ" అన్నాడు. చెబుతుంటే ఆయన గొంతు ఇంకా తగ్గిపోయింది. మా నాన్నగారు ఈసారి "ఆఁ?" అనలేదు.

మేం విడిదిలోకి వెళ్ళి తలుపులు వేసుకుని రహస్యంగా ఆలోచన చేశాం. మేళం లేకపోతే తుమ్ము దాచేదెలా అని మా నాన్నగారు, మిరియాల కషాయం పట్టిద్దామని మా అమ్మ, ముక్కుకి కాగితాల క్లిప్పు పెడదామని నేను. మా తమ్ముడు గోడకి ఆనుకుని, "ముందే చెప్పేయండి వాళ్ళకి. వెళ్ళిపోదాం" అన్నాడు. ఏలూరు, వట్లూరు, గణపవరం కథలన్నీ మళ్ళీ ఒకసారి తిరగవేశాం. మా లెక్కకి అదంతా గుసగుస. తలుపు తీసేసరికి వీధిలో జనం నిలబడి ఉన్నారు. వియ్యంకుడు ఇత్తడి గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"అల్లుడుగారికి పడిశమటగా. మిరియాల పాలండీ" అన్నాడు.

మా నాన్నగారు గ్లాసు వంకా వీధి వంకా చూశారు. "ఎవరు చెప్పారు?"

"ఊరంతా విన్నామండీ" అన్నాడాయన.

మిల్లువాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలా పరువు తీసుకోరు. ఇంక దాచేది ఏముంది! నేనే తెగించి, "అమ్మాయికి తెలిసిందా? ఏమంది?" అని అడిగాను.

"ఏమీ అనలేదండీ. ఎంత పెద్దగా తుమ్ముతారు అని మాత్రం అడిగింది" అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను. తుమ్ము సైజు అడిగిందంటే పిల్ల భయపడిందన్నమాట. పీటల దాకా వచ్చి లేచిపోతే మా తమ్ముడు మళ్ళీ మనిషి కాడు. వాడు ఆ మిరియాల పాలు తాగి గ్లాసు కింద పెట్టి, మాలో ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు.

గుట్టు బయటపడ్డాక మా నాన్నగారికి కోపం చేసే దారి కూడా లేకపోయింది. "పోనీ, మా బ్యాండు నలుగురి కళ్ళా పడనివ్వండి. డబ్బు పోసి తెచ్చాను" అన్నారు.

"కనబడొచ్చండీ. వినబడకూడదంతేనండీ" అన్నాడు వియ్యంకుడు.

మర్నాడు పొద్దున్న అలాంటి ఊరేగింపు ఒకటి జరిగింది. ముందు ఎర్రకోట్ల బ్యాండు, వెనకాల తాటాకు గొడుగు కింద పెళ్ళికొడుకు, ఆ వెనక మేమందరం. క్లారినెట్టు అతను బుగ్గలు పూరించి, వేళ్ళు ఆడిస్తూ, గాలి మాత్రం వదలకుండా నడిచాడు. బాకా అతను మెడ వెనక్కి వంచి ఊదినట్టు ముఖం పెట్టాడు. పెద్ద డ్రమ్ము అతను కర్రని డ్రమ్ముకి తగలబోయే ముందు ఆపి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ ఆపి, చెమటలు కక్కుకున్నాడు. కొట్టడం కంటే కొట్టకపోవడం కష్టమని తరవాత నాతో చెప్పుకున్నాడు పాపం. మాస్టరు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఒక వీధి దాటాక వాళ్ళకి ఉత్సాహం వచ్చి పాట మార్చారు. ఏ పాటో మాకు తెలియదు గాని, మార్చారని తెలిసింది. అరుగుల మీద ఊరి జనం చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. చెట్ల మీద గూడబాతులు ముక్కులు వంచి ఆ వేడుకంతా చూశాయి. నేను పమిట నోట్లో కుక్కుకుని నడిచాను.

చింతచెట్టు కింద వేసిన పందిరికి తాటాకు రెండు వరసలు కప్పారు. అయినా సందుల్లోంచి పక్షిపిల్లల నూగు సన్నగా రాలుతూనే ఉంది. పురోహితుడు మంత్రాలు పెదవులతో చదువుతున్నాడు. పెళ్ళికూతురు తలవంచుకుని వచ్చి పీట మీద కూర్చుంది. హమ్మయ్య, వచ్చింది అనుకున్నాను. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. మావాడు తుమ్మలేదు. తెర తీశారు. తుమ్మలేదు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

మంగళసూత్రం చేతికిచ్చారు. వాడు లేచి, వంగి, రెండు చేతులూ పిల్ల మెడ వెనక్కి పోనిచ్చి మొదటి ముడి వేశాడు. అప్పుడే ఒక నూగుపోగు ఊగుతూ ఊగుతూ దిగివచ్చి వాడి ముక్కు మీద వాలింది. చేతులు రెండూ తాళి మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. వాడి ముఖం మారిపోవడం చూశాను. నేను లేవబోయేలోపలే తుమ్మాడు.

పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద తుమ్ము వాడు కూడా తుమ్మి ఉండడు. హారతి దీపం ఆరిపోయింది. పెద్ద డ్రమ్ము దానంతటదే చిన్నగా మోగింది. పందిట్లో అందరూ బొమ్మల్లా అయిపోయారు. నేను వాళ్ళ ముఖాలు చూశాను, ఎవరు ముందు లేస్తారా అని. ఎవరూ మా తమ్ముడి వంక చూడటం లేదు. ఊరు ఊరంతా తలలెత్తి పైకి చూస్తోంది. నేనూ పందిరి సందుల్లోంచి చూశాను. చెట్టంతా కదిలింది. గూడుకో మెడ లేచింది, కొన్ని రెక్కలు సగం విప్పుకున్నాయి. ఒక పెద్ద చేప పైనుంచి పందిరి సందులోకి జారి మా నాన్నగారి ఒళ్ళో పడి టపటపా కొట్టుకుంది. ఆయన దాన్ని పట్టించుకునే స్థితిలో లేరు.

"ఇంకోటి" అన్నారాయన. నా జన్మలో మా నాన్నగారు గొంతు తగ్గించి మాట్లాడగా వినడం అదే మొదలు. "ఒరే నాయనా, ఇంకొక్కటి తుమ్మరా, దోషం పోతుంది."

మా వైపు వాళ్ళందరం మనసులో అదే మొక్కుకుంటున్నాం. చూద్దును కదా, మా తమ్ముడు మళ్ళీ ముక్కు ఎగబీలుస్తున్నాడు! జన్మకొకసారి రెండో తుమ్ము వస్తోంది! కళ్ళు మూతపడ్డాయి, నోరు తెరుచుకుంది, మా అమ్మ చేతులు జోడించింది.

పెళ్ళికూతురు వంచిన తల ఎత్తింది. చెయ్యి చాపింది. జీలకర్ర బెల్లం అంటుకున్న వేళ్ళతోనే మా తమ్ముడి ముక్కు గట్టిగా పట్టుకుంది.

వాడి కళ్ళు పెద్దవయ్యాయి, ముఖం కందిపోయింది, తుమ్ము ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల వదల్లేదు. ముక్కు పట్టుకుని పైకి, పందిరి సందుల్లోంచి చెట్టు వంకే చూస్తోంది. రెక్కలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, మెడలు దిగాయి. "కానివ్వండి బాబూ" అన్నాడు వియ్యంకుడు. మా తమ్ముడు నోటితో ఊపిరి పీలుస్తూ రెండో ముడీ మూడో ముడీ వేశాడు. అంతసేపూ వాడి ముక్కు ఆ పిల్ల చేతిలోనే ఉంది.

పెళ్ళి అయిపోయింది గాని నా కోపం చల్లారలేదు. ఒంటితుమ్ముతో పెళ్ళి! చేతికందిన రెండో తుమ్ముని నొక్కిపారేసిందే! భోజనాల వేళ కొత్త మరదల్ని గదిలో పట్టుకుని నిలదీశాను. ఆడపడుచుని కదా, ఆ మాత్రం హక్కు ఉంది.

"ఎందుకు ఆపావమ్మా? ఇంకొక్కటి వస్తే ఏ బాధా లేకపోను. ఒంటితుమ్మంటే నీకు భయం లేదా?"

"ఉందండీ వదినగారూ" అంది. వాళ్ళ నాన్న గొంతే. వినడానికి నేను వంగవలసి వచ్చింది. "చిటారుకొమ్మ గూట్లో చిన్నది ఉందండీ. మొదటి తుమ్ముకే అంచు దాకా జరిగిపోయింది. ఇంకొకటి వస్తే పడిపోయేదండీ."

తుమ్ముకి భయపడిన ఆడపిల్లల్ని మేం చాలామందిని చూశాం. వాళ్ళందరూ తమకోసం భయపడ్డారు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అంత తొందరగా లొంగిపోవడం ఇష్టంలేక, "బాగానే ఉంది. పక్షిపిల్ల సంగతి చూశావు, మా వాడి సంగతో?" అన్నాను.

మా మరదలు బెల్లం ఆరిన వేళ్ళు చూసుకుని మొదటిసారి నవ్వింది.

"మీ తమ్ముడుగారు ఎక్కడికీ పడిపోరు కదండీ" అంది. "నేను పట్టుకున్నాను."